మినరల్ గోలీల ముచ్చట

నల్గొండ
ఆదివారం, పగటి తిండి తిన్నంక

అరేయ్ బావా,

మంచిగున్నవా? నీ ఉత్తరం మొన్న బుధవారం అందింది. ఆగస్టుల హైదరాబాద్ మారథాన్‌ల ఫుల్లు ఉరుకుతనని రాసినవ్. మొదలు నవ్వొచ్చిందిరా. పీఈటీ సారు గ్రౌండ్ చుట్టు రెండు రౌండ్లు కొట్టమంటే ట్యాంకు ఎనుక దాక్కున్నోనివి, 42 కిలోమీటర్లు ఉరుకుతవా! నవ్వు ఆగినంక మాత్రం నిజంగనే ఖుషీ అయింది.

ఇగ నువ్వడిగిన సంగతి. డెబ్బై రెండు రకాల మినరల్స్ ఉన్నయంటున్న ఆ గోలీల డబ్బా కొనాల్నా అని గదా? కొనకు. ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్ననంటే, పోయిన ఎండాకాలం నేను గూడ అసుంటి గోలీలే కొన్న.

అప్పుడు ఏమైందంటే, మబ్బుల నాలుగున్నరకు లేచి గడియారం సెంటర్ కాడికెల్లి పానగల్ దాక, ఆడ ఉదయసముద్రం కట్ట మీద అటు ఇటు ఉరుకుతున్న. పద్దెనిమిదో కిలోమీటర్ల కుడి పిక్క పట్టేసింది. పిక్కల నిమ్మకాయంత గడ్డ లేచి, చర్మం కింద అటు ఇటు దొర్లుతున్నది. కట్ట మీదనే కూలబడ్డ. బర్రెలను తోలుకపోయే తాత ఒకాయన ఆగి, నన్ను కిందికెల్లి మీది దాక చూసి, "ఎవడు తరిమిండు బిడ్డా?" అన్నడు. నొప్పిల కూడ నవ్విన.

జిమ్ముల ఒకాయన "మెగ్నీషియం తక్కువైంది అన్నా" అన్నడు. అరవై గోలీల సీసా తెచ్చి పూటకొకటి చొప్పున మూడు రోజులు మింగిన. పిక్క సంగతేమో గని కడుపు కదిలింది. మెగ్నీషియం ఎక్కువైతే పేగులల్లకు నీళ్లు గుంజుతది, సుఖ విరేచనం మందులల్ల వాడేది అదే. వయసు మళ్లినోళ్ల పిక్క పట్టుడుకు అది పనిచేసేది అనుమానమేనని 2020ల కాక్రేన్ (జరిగిన వైద్య పరీక్షలన్నీ కలిపి చూసే సంస్థ) సమీక్ష తేల్చింది. ఉరుకుతుంటే పట్టే పిక్కల మీదైతే సరైన పరీక్షే జరగలేదట.

అప్పుడు బుద్ధొచ్చి ఒక పని చేసిన, నువ్వు కూడ చెయ్యి. ఉరికే ముందు చెడ్డీ మీద బరువు చూసుకున్న, 68.4 కిలోలు. రెండు గంటలు ఉరికొచ్చి చెమట తుడుచుకోని మళ్ల చూస్తే 66.3. నడుమ అర లీటరు నీళ్లు తాగిన. అంటే రెండు గంటలల్ల 2.6 లీటర్ల చెమట, గంటకు 1.3. నల్ల టీషర్టు ఆరేస్తే వీపు మీద తెల్లగ తెలంగాణ పటం గీసినట్టు ఉప్పు చారలు. మనిషిని బట్టి లీటరు చెమటల అర గ్రాము కాడికెల్లి రెండు గ్రాముల దాక సోడియం (ఉప్పుల ఉండేది) పోతదట. పొటాషియం, మెగ్నీషియం పోయేది దానిముందు చానా తక్కువ. డబ్బా మీద డెబ్బై రెండు పేర్లున్నా, ఉరికేటప్పుడు నీ ఒంట్లకెల్లి కారేది ముఖ్యంగ ఉప్పే.

అయితే ఉప్పు పోయినందుకే పిక్క పడ్తదా అంటే అదీ గట్టిగ చెప్పలేం. అలవాటుకు మించి ఉరికితే అలిసిన కండను నరం వదలదని కొందరంటరు. 2010ల అమెరికాల ఒక పరీక్ష చేసిండ్రు. కాలి నరానికి కరెంటు పెట్టి బొటనవేలి కండ పట్టేసేటట్టు చేసి, ఊరగాయ నీళ్లు (దోసకాయలు ఊరేసిన ఉప్పు పులుపు నీళ్లు) తాగిపిస్తే మామూలు నీళ్లకంటె జల్ది వదిలింది. ఆ ఉప్పు నెత్తుర్ల కలిసే టైమే లేదు, గొంతులకెల్లి నరానికి కబురు పోయిందని వాళ్ల అంచనా. నేను అమ్మ పెట్టిన చింతకాయ తొక్కు పొట్లం కట్టుకపోయి, పిక్క పట్టంగనే ఇంత నాలుక మీద పెట్టుకున్న. తొక్కు పనిచేసిందో, పులుపుకు పిక్క సంగతే మర్చిపోయిన్నో తెల్వది!

ఇప్పుడు నేను తాగేది ఇది. లీటరు నీళ్లల్ల పావు చెంచ ఉప్పు (దాంట్ల అర గ్రాము పైనే సోడియం), ఆరు చెంచల చక్కెర, ఒక నిమ్మకాయ. చక్కెరను చిన్నచూపు చూడకు, రెండు గంటలు దాటితే కాళ్లను నడిపేది అదే. కొబ్బరి నీళ్లల్ల పొటాషియం మస్తు, సోడియం తక్కువ. ఓఆర్‌ఎస్ కొంటే ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉన్నదా చూడు. ఆ పేరు పెట్టుకోని తియ్యటి నీళ్లు అమ్మేటోళ్ల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ శివరంజని సంతోష్ ఏండ్లకేండ్లు కొట్లాడితే, 2025 అక్టోబర్‌ల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి వస్తువుల మీద నిఘా పెట్టే సర్కారు సంస్థ) ఆ పేరు వాడొద్దన్నది.

ఇంకోటి, ఇది మాత్రం ఆట గాదు. నీళ్లు కనపడ్డ కాడల్ల తాగకు. 2002 బోస్టన్ మారథాన్‌ల 488 మంది నెత్తురు చూస్తే 13 శాతం మందికి సోడియం పడిపోయి ఉన్నది. ఉరికినంక బరువు పెరిగినోళ్లల్లనే అది ఎక్కువ. అతిగ నీళ్లు తాగి మీదికెల్లి ఉప్పు గోలి మింగినా కాపాడది. దూప అయితే తాగు, అంతే. నీకు బీపీ గోలి నడుస్తున్నది గదా, ఉప్పు పెంచే ముందు డాక్టర్‌ను అడుగు. వదిన తోని గూడ చెప్పు, నువ్వు అడగవని నాకు తెలుసు.

ఐరన్ సంగతి వేరు. మా గుంపుల ఒక టీచరమ్మ ఎంత ఉరికినా ఆయాసమే. ఒంట్ల ఐరన్ నిల్వ ఎంతున్నదో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేపిస్తే అడుగంటింది. డాక్టర్ దినం తప్పి దినం గోలి ఇచ్చిండు, అట్లయితే ఒంటికి బాగ పడ్తదట. మూడు నెలలకు మనిషే మారింది. పరీక్ష లేకుంట మాత్రం మింగొద్దు, ఐరన్ ఎక్కువైనా ఒంట్ల పేరుకుంటది. ఒకవేళ రాస్తే నీ చాయ్‌లకు దూరంగ వేసుకో, చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనియ్యది.

ఇదంత రాస్తుంటే ఒకటి యాదికొస్తున్నది. మనం కొనే ఇరవై లీటర్ల క్యానును "మినరల్ నీళ్లు" అంటం గదా, ఆర్వో ప్లాంటుల ఉన్న మినరల్స్ తీసేసి ఇచ్చేవి అవి! మా నాయనమ్మ బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ తాగీ తాగీ నడుం వంగిపోయింది. అది గూడ మినరలే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నీరీ (సర్కారు పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు పెట్టిన పేరే "నల్గొండ టెక్నిక్". మా ఊరి పేరు దేనికి ఎక్కిందో చూడు.

వచ్చే ఆదివారం మీ మహబూబ్‌నగర్ వస్తున్న. పొద్దుగాల చల్లగున్నప్పుడే పిల్లలమర్రి దిక్కు ఉరుకుదాం. బరువు చూసే మిషన్ నీతాన లేకుంటే ముందే చెప్పు, సంచిల పెట్టుకొస్త. వదినను జొన్న రొట్టె, పచ్చిపులుసు చేయమను.

ఆ మెగ్నీషియం సీసాల ఇంకా యాభై పైన గోలీలున్నయ్. నువ్వు రాసిన మలబద్ధకం ఇంకా ఉంటే చెప్పు, అవి గూడ పట్టుకొస్త.

నీ
బావ