కారవాన్లకు కొండ మీద ఒక చోటు చూపించండి

అల్లూరి సీతారామరాజు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

చలికాలంలో అరకు, లంబసింగి, వంజంగి చూడటానికి కారవాన్లలో, అంటే పడక, వంటగది, మరుగుదొడ్డి ఉన్న బండ్లలో వచ్చేవాళ్లున్నారు. మేమూ అలాగే కుటుంబంతో వచ్చాం. అనంతగిరి ఘాట్‌లో సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు చూస్తూ ప్రయాణించడం ఎంత బాగుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

నా బాధ వేరు. కారవాన్ కింద సింకు, స్నానాల నీళ్లకో ట్యాంకు, మరుగుదొడ్డికో ట్యాంకు ఉంటాయి. నాలుగు రోజులకే నిండిపోతాయి. పాడేరు దారిలో ఒక బండివాళ్లు గెడ్డ (వాగు) పక్కన ఆగి, ట్యాంకుకు గొట్టం తగిలించి వదిలేశారు. రసాయనం కలిసిన నీలం నీళ్లు రాళ్ల మీదుగా జారుతున్నాయి. కాస్త దిగువన ఇద్దరు ఆడవాళ్లు బిందెలు ముంచుతున్నారు. అరిచి ఆపాం. కానీ ఎంతమందిని ఆపగలం?

అరకులో ఒకటి, పాడేరులో ఒకటి కారవాన్ల స్థలాలు ఏర్పాటు చేయించండి. ట్యాంకు ఖాళీ చేయడానికి సరైన సెప్టిక్ ట్యాంకు, మంచినీళ్ల కుళాయి, 16 ఆంపియర్ల ప్లగ్గు ఉంటే చాలు. రుసుము పెట్టండి, సంతోషంగా కడతాం. ఇది గిరిజన ప్రాంత భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా చూసే 1/70 చట్టం అమల్లో ఉన్న ఏజెన్సీ. నిర్వహణ బయటి కంపెనీలకు కాకుండా స్థానిక గిరిజన మహిళా సంఘాలకే ఇవ్వండి, ఆదాయం ఊళ్లోనే ఉంటుంది. గెడ్డల్లో వదిలేవాళ్లకు మాత్రం గట్టి జరిమానా వేయండి.

ఘాట్ దిగేచోట బ్రేకులు చల్లారేదాకా ఆగడానికి కాస్త జాగా కూడా కావాలి. ఇవన్నీ నవంబరులోపే జరిగేలా చూడమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక ప్రయాణికుడు