గుడ్లు పంపిస్తున్నా, నీళ్ళు సిద్ధం చెయ్యి

శీనూ,

ఎట్లున్నావు రా? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో "నీ నీలం చేపలు నాకూ ఒక జత ఇయ్యి" అన్నావు కదా, జత ఇవ్వను. గుడ్లే ఇస్తాను. కోపం తెచ్చుకోకు, పూర్తిగా చదువు. వచ్చే ఆదివారం మా బావమరిది దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పాలమూరు వస్తున్నాడు. చేపల్ని కవర్లో వేసి అంత దూరం ఊపుకుంటూ తెస్తే అవి బెదిరి సగం చచ్చిపోతాయి. గుడ్లకు ఆ బాధ లేదు. తడి కొబ్బరి పొట్టులో పెట్టి మూత బిగిస్తే వారాల తరబడి బాగానే ఉంటాయి. నా నీలం చేపలు కిల్లీ జాతివి. కిల్లీ చేపలు పెంచేవాళ్ళు దేశదేశాలకు పోస్టులో పంపుకునేది ఈ గుడ్లనే. డబ్బాను బండి డిక్కీలో ఎండకు పెట్టొద్దని బావమరిదికి ఇప్పటికే చెప్పాను, నువ్వూ ఒకసారి ఫోన్ చేసి గుర్తుచెయ్యి. వాడి సంగతి నీకు తెలుసు కదా.

నా దగ్గరున్నది గార్డ్‌నెరి. నైజీరియా, కామెరూన్ దేశాల వాగుల చేప. దానికి 1911లోనే శాస్త్రీయంగా పేరు పెట్టారు. వేలంత ఉంటుంది, ఆరేడు సెంటీమీటర్లు దాటదు. ఆడది చూస్తే నీకు నిరాశే, మట్టిరంగు ఒళ్ళు, దాని మీద చుక్కలు, అంతే. సోకంతా మగదానిది. ఎదురుగా చూస్తే మామూలుగానే కనిపిస్తుంది. పక్క నుంచి వెలుతురు పడి అది కొంచెం తిరిగితే మాత్రం ఒళ్ళంతా ఉక్కు నీలం తేలుతుంది, దాని మీద ఎర్ర చుక్కలు, రెక్కల అంచుకు పసుపు గీత. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి టీ గ్లాసు పట్టుకుని దాని ముందు కూర్చుంటే, టీవీ పెట్టమని ఇంట్లో ఎవరూ అడగరు. ఒక్క మాట, ఈ చేపను ఏ ఊరి దగ్గర పట్టారో ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. నాది ఎన్సుక్కా రకం. డబ్బా మీద రాసి పంపుతున్నా, ఆ చీటీ పారెయ్యకు. రేపు ఎవరైనా అకూరె రకం ఇస్తానంటే తీసుకో, కానీ వేరే తొట్టిలో పెట్టు. కలిపితే ఏ రంగూ నిలవదు.

అసలు కథ నీళ్ళది. మన బోరు నీళ్ళు నీకు తెలుసు కదా, బకెట్ అంచున తెల్లగా పేరుకుపోతుంది. పైగా ఫ్లోరైడ్. నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం కలిపే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ అనే పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేస్తే దానికి 'నల్గొండ టెక్నిక్' అని మన జిల్లా పేరే పెట్టారు. మనకు దక్కిన పేరు అట్లాంటిది! కానీ పటిక వేసిన నీళ్ళు చేపలకు పొయ్యకు, అవి తట్టుకోలేవు. నేను చేసేది చెప్తా. స్లాబు మీద పడ్డ వాననీళ్ళు, మొదటి వాన మురికంతా కొట్టుకుపోయాక, డ్రమ్ములో పట్టుకుంటాను. అందులో సగం నల్లా నీళ్ళు కలుపుతాను. నల్లా నీళ్ళను ముందు ఒక రోజంతా బకెట్లో తెరిచి ఉంచుతాను, క్లోరిన్ పోవాలి కదా. వాననీళ్ళు అయిపోతే ఆర్వో నీళ్ళు కలిపినా సరే. ఆర్వో ఒక్కటే పోస్తే మాత్రం అందులో ఉప్పులేమీ ఉండవు, చేప నీరసపడుతుంది. రెండు ఎండిన బాదం ఆకులు వేస్తే నీళ్ళు లేత టీ రంగుకు వస్తాయి, వాటికి ఆ రంగే హాయి.

రెండో సంగతి ఎండ. ఈ చేపకు ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు డిగ్రీలు చాలు. మనకు రోహిణి కార్తెలో బయట నలభై నాలుగు దాటుతుంది. అందుకే తొట్టిని కిటికీ దగ్గర కాదు, లోపలి గదిలో నేల మీద పెట్టు. థర్మకోల్ షీట్ చుట్టూ కట్టు. ఎండాకాలం టేబుల్ ఫ్యాన్ నీళ్ళ మీదికి తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన నీటిని రోజూ కొంచెం నింపుతుండాలి. ఇప్పుడైతే వానలు, నువ్వు సరైన అదనుకే మొదలుపెడుతున్నావు. వేసవి వచ్చేసరికి నీ చేపలు పెద్దవై గట్టిపడతాయి. మృగశిర నాడు ఊరంతా చేపల కూర వండుకుంటే నువ్వు చేపలకు ఫ్యాన్ తిప్పుతావు, చూడు!

ఇక డబ్బా తెరిచాక. ఒక చెంచాడు పొట్టు తెల్ల పళ్ళెంలో పరిచి, భూతద్దంతో చూడు. ఆవగింజ కన్నా చిన్నగా, గాజుపూసలాగా మెరుస్తాయి. గట్టివే, వేళ్ళతో తీసినా పగలవు. తెల్లగా మబ్బు పట్టిందంటే బూజు, తీసెయ్యి. మంచి దానిలో పిల్ల కళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి, బంగారు ఉంగరం మధ్య నల్ల చుక్క. అప్పుడే నీళ్ళు పొయ్యాలి. గుడ్డు పెట్టినప్పటి నుంచి పిల్ల తయారవడానికి, నీళ్ళలోనే ఉంచితే రెండు మూడు వారాలు, పొట్టులో ఐతే నాలుగు వారాల దాకా పడుతుంది. నేను పంపేవి దాదాపు సిద్ధంగానే ఉంటాయి. కళ్ళు వచ్చినా బయటికి రాకుండా మొండికేస్తే, చిన్న మందు సీసాలో కొద్దిగా నీళ్ళు, గుడ్లు వేసి మూత పెట్టి చొక్కా జేబులో వేసుకుని తిరుగు. లోపల ప్రాణవాయువు తగ్గితే పిల్ల పెంకు చీల్చుకుని వస్తుంది. మీ బ్యాంకులో ఎవరైనా 'జేబులో ఏంటన్నా' అంటే 'పిల్లలు' అను.

దీని చుట్టపు చేప ఒకటుంది రా, అది ఇంకా విచిత్రం. జింబాబ్వేలో 1968లో దొరికింది, ఫుర్జెరి అంటారు. మన కుంటల్లాంటివే అక్కడి కుంటలు కూడా, వానకు నిండి కొన్ని నెలల్లో ఎండిపోతాయి. చేప కూడా ఆ లోపే పెరిగి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. గుడ్లు ఎండిన బురదలో పడుకుని మళ్ళీ వాన దాకా ఆగుతాయి. ముసలితనం ఎట్లా వస్తుందో తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో ఇప్పుడు దీన్ని పెంచుతున్నారు. మన గార్డ్‌నెరి అంత తొందరపడదు, బాగా చూసుకుంటే రెండు మూడేళ్ళు ఉంటుంది.

పిల్లలకు మొదటి రోజు నుంచే ఆర్టీమియా పెట్టొచ్చు, అంటే ఉప్పు నీళ్ళలో బతికే సన్న రొయ్యల్లాంటివి. దాని గుడ్లు ఉప్పు నీళ్ళలో వేసి గాలి బుడగలు కొడితే ఒక రోజులో, ఒకటిన్నర రోజులో పిల్లలవుతాయి. అయోడిన్ లేని రాతి ఉప్పు, లీటరుకు ఇరవై ఐదు గ్రాములు. వారం వారం పిల్లల్ని సైజు ప్రకారం విడదీయి, పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి. తోబుట్టువులే, ఏం చేస్తాం.

పెద్దయ్యాక ఒక మగదానికి రెండు ఆడవి పెట్టు. ఒక్కటే ఉంటే మగది తరిమి తరిమి చంపుతుంది. గుడ్లు పెట్టడానికి ముదురు ఆకుపచ్చ ఊలు కొని, బాగా ఉడికించి రంగు పోయాక, కుచ్చులా కట్టి థర్మకోల్ ముక్కకు వేలాడదీయి. రోజూ కొన్ని గుడ్లు అందులో దొరుకుతాయి. ఊలు కొనేముందు మటుకు చెల్లెను ఒకసారి అడుగు, నిరుడు ఆమె స్వెటర్ అల్లి మిగిలిన ఊలు ఉంది కదా. అది పూర్తిగా అక్రిలిక్ అయితేనే పనికొస్తుంది.

చివరిగా మూత. గాజు తొట్టికి ఖాళీ లేకుండా మూత ఉండాలి. వైరు దూర్చే చిన్న రంధ్రం కూడా స్పాంజితో మూసెయ్యి, అక్కడి నుంచే దూకుతాయి. ఆదివారం లోపల రెండు బకెట్లు నీళ్ళు తెరిచి ఉంచు. పాలమూరులో మీ నల్లా నీళ్ళు గట్టివా, మెత్తవా అని నువ్వే చూసి చెప్పు, సబ్బు నురగ వస్తుందో లేదో చూస్తే తెలుస్తుంది. నురగ రాకపోతే వాననీళ్ళు ఎక్కువ కలుపుదువు గాని.

నీ
వెంకట్