విషయం: ముందు బ్రేక్ ప్యాడ్లకు వేర్ ఇండికేటర్ రేకు లేకపోవడం గురించి ఫిర్యాదు

ఆటోనగర్,
విజయవాడ.

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

ఆటోనగర్‌లో కార్ల బ్రేకుల పని చేసే మెకానిక్‌లం మేమంతా కలిసి రాస్తున్న ఫిర్యాదు ఇది. చిన్న కార్లకు మీరు అమ్ముతున్న ముందు బ్రేక్ ప్యాడ్ల సెట్టులో, ప్యాడ్ అరిగిందని శబ్దంతో చెప్పే వేర్ ఇండికేటర్ రేకు రావడం లేదు. డీలర్‌ని అడిగితే, రేకు లేకపోయినా బండి ఆగుతుంది కదా అంటున్నారు. ఆగుతుంది, కాదనడం లేదు. ప్యాడ్ అరిగిపోయిందని ఓనరుకు చెప్పేదెవరు?

కొత్త ప్యాడ్ మీద మెటీరియల్ దాదాపు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. 3కు వస్తే మార్చాలి. సరిగ్గా ఆ దశలోనే రేకు చక్రంతో పాటు తిరిగే డిస్కుకు తగిలి చెవిలో గుచ్చినట్టు కీచుమంటుంది. ఓనరు ఆ శబ్దానికి బండి తెస్తే ప్యాడ్ల ఖర్చుతో పోతుంది. రేకు లేని బండిలో మొదట వినబడేది గరగర. అప్పటికే ప్యాడ్ వెనక ఉండే ఇనప ప్లేటు డిస్కును కోసేస్తూ ఉంటుంది.

ఈ లేఖతో పంపుతున్న రెండు ప్యాడ్లు ఒకే చక్రానివి, దయచేసి చేత్తో పట్టుకుని చూడండి. బయటి ప్యాడ్‌కు ఇంకా 5 మిల్లీమీటర్లు ఉంది. లోపలి ప్యాడ్‌కు ఏమీ మిగల్లేదు, ప్లేటు అంచు వేడికి నీలంగా మారింది. ఆ వైపు డిస్కు మీద గోరు పెడితే గాడిలో దిగుతుంది. చక్రం సందులోంచి ఎంత తొంగి చూసినా కనబడేది బయటి ప్యాడే. ప్యాడ్లను డిస్కుకు నొక్కే ఈ క్యాలిపర్‌కు పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను నొక్కితే, క్యాలిపర్ పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాగుతుంది. పిన్ను కదలకుండా పట్టేస్తే భారమంతా లోపలి ప్యాడ్ మీదే. పిన్ను మీది రబ్బరు బూటు చిరిగి నీళ్లు లోపలికి పోయినా పిన్ను పట్టేస్తుంది, సిలికాన్ గ్రీజు బదులు మామూలు గ్రీజు పెట్టినా రబ్బరు ఉబ్బి పట్టేస్తుంది. పిన్ను తప్పు మీది కాదు. కానీ లోపలి ప్యాడ్‌కు రేకు ఉండుంటే ఈ డిస్కు మిగిలేది.

రెండో ఫిర్యాదు మీ కస్టమర్ కేర్ గురించి. ఏ శబ్దమని ఫోన్ చేసినా ఒకటే జవాబు: "దుమ్ము సార్, 500 కిలోమీటర్లు నడిస్తే పోతుంది." ఇది ప్రమాదకరమైన మాట. వానాకాలం పొద్దున్నే మొదటి నాలుగైదు బ్రేకులకు బరబరమని పోయేది డిస్కు మీది పైతుప్పు, దానికి ఆ జవాబు చాలు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో మెల్లగా ఆగేటప్పుడు మాత్రమే కీచుమంటే షిమ్ (ప్యాడ్ వెనక శబ్దం ఆపే పల్చటి పొర) లేకపోవడమో, ప్యాడ్ ముఖం నున్నబడటమో కారణం. ఆగే ముందు టక్కుమంటే ప్యాడ్లను పట్టి ఉంచే క్లిప్పులు వదులు. 80 మీద బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోందంటే డిస్కు మందం చుట్టూ ఒకేలా లేదని అర్థం. మైక్రోమీటర్‌తో ఎనిమిది చోట్ల కొలవాలి, 0.02 మిల్లీమీటర్ల తేడా కూడా వణికిస్తుంది. డిస్కు మీద ముద్రించిన కనీస మందం కన్నా తగ్గితే ఫేసింగ్ (లేత్ మీద చదును) చేయకూడదు, మార్చాల్సిందే.

దుర్గగుడి ఘాట్ రోడ్డు దిగాక పెడల్ మెత్తబడిందంటే దుమ్ము ఎలా అవుతుంది? తేమ పీల్చిన పాత బ్రేక్ ఆయిల్ వేడికి మరిగి ఆవిరైంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా తట్టుకోవాలి, తేమ పట్టాక ఆ ప్రమాణం 155కే పడిపోతుంది. ఇక గరగర వస్తోందన్నా, కాలు ఒత్తి ఉంచితే పెడల్ మెల్లగా కిందికి దిగుతోందన్నా, ఆ బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దని మీ వాళ్లు చెప్పాలి.

లోపలి ప్యాడ్‌కు రేకు మళ్లీ బిగించి పంపండి. కుడి, ఎడమ గుర్తు ప్లేటు మీదే వేయండి, తిరగేసి బిగిస్తే రేకు ఉన్నా కొన్ని కార్లలో పలకదు. షిమ్‌లు, క్లిప్పులు అదే పెట్టెలో ఇవ్వండి. రేకు లేకుండా ఇప్పటికే షాపుల్లోకి వచ్చిన సెట్లను వెనక్కి తీసుకుని మార్చివ్వండి. ఏ తేదీ లోగా మారుస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు. అప్పటిదాకా మీ ప్యాడ్లు వేసిన ప్రతి బండినీ 10,000 కిలోమీటర్లకు చక్రం విప్పించి లోపలి ప్యాడ్ కొలిపించుకోమని ఓనర్లకు చెబుతున్నాం.

ఇట్లు,
బ్రేకుల పని మెకానిక్‌లు,
ఆటోనగర్, విజయవాడ.

జత: అరిగిన ప్యాడ్లు 2, డిస్కు ఫొటోలు 3