అది తందూర్ కాదు, బాల్కనీలో పెట్టేది అసలే కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో జపాన్ మట్టి పొయ్యి మీద వచ్చిన వ్యాసాన్ని మా చెల్లెలు ఫొటో తీసి నాకు పంపింది. నేను చదవడం పూర్తికాకముందే ఫోన్ చేసింది. “అన్నయ్యా, మీ అల్లుడి పెరట్లో గుడ్డులా ఉంటుందే, అది ఇదేనా? ఎంతవుతుంది?” అని. ఆమె ఉండేది మధురవాడలో, ఆరో అంతస్తులో. వ్యాసం చివర ‘అపార్ట్‌మెంట్లలో ఉండేవారు బాల్కనీలో కూడా పెట్టుకోవచ్చు’ అని ఒక వాక్యం ఉంది. అది చూసి అడిగింది. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసమే. మిగతావి మాటలో మాటగా వచ్చాయి.

నేను ముప్పై ఏళ్లు ఫర్నేసుల లోపల, విపరీతమైన వేడిని తట్టుకునే రిఫ్రాక్టరీ ఇటుకలు పేర్చినవాణ్ణి. మట్టి ఎంత వేడి తాగుతుంది, తాగిన వేడిని ఎప్పుడు కక్కుతుంది అని చూడటమే నా ఉద్యోగం. రిటైరయ్యాక ఇప్పుడు అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన ఆల్ఫారెట్టాలో కూతురి దగ్గర ఉన్నాం. అల్లుడికి ఈ పొయ్యి అంటే పిచ్చి. కమాడో అంటారు. మూతతో కలిపి డెబ్బై కిలోల పైనే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఫ్యాక్టరీ నుంచి చిన్న ఫర్నేసు నా వెనకే వచ్చేసిందేమో అనిపించింది.

మీ వ్యాసకర్త దీన్ని ‘జపాన్ తందూర్’ అన్నారు. తందూర్‌కి నోరు తెరిచే ఉంటుంది. కింద నిప్పులు, చుట్టూ ఎర్రగా కాలిన గోడ, నిమిషాల్లో రొట్టె పొంగాలి, కోడి కాలాలి. కమాడో పని దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అడుగున బొగ్గులు, వాటి మీద మంట నేరుగా తగలకుండా ఒక మందపాటి పింగాణీ పలక, దాని పైన జాలీ, జాలీ మీద మాంసం. మీద బరువైన మూత. గాలికి రెండే దారులు: కింద ఒక చిన్న తలుపు, పైన మూతకి ఒక కన్నం. ఆ రెంటినీ అగ్గిపుల్ల మందాన తెరిచి ఉంచితే లోపల 110 డిగ్రీల దగ్గర గంటల తరబడి కదలకుండా నిలబడుతుంది. ఇక్కడ డయల్ ఫారెన్‌హీట్‌లో ఉంటుంది కాబట్టి 230 చూపిస్తుంది. మొదటి రోజు అది చూసి మా ఆవిడ కంగారుపడింది. లోపల గాలి పెద్దగా ఆడదు గనక మాంసంలో తడి తొందరగా పోదు. వంట అయ్యాక రెండు దారులూ మూసేస్తే నిప్పు ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు మళ్లీ వారానికి పనికొస్తుంది.

మన దగ్గర పోలిక వెతకాలంటే తందూర్ దాకా పోనక్కర్లేదు, దాలి ఉంది. గుంటలో పిడకలు రాజేసి, పాలకుండ పెట్టి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంట లేకుండా కాస్తే పాలు ఎర్రబడి అరచేయి మందాన మీగడ కట్టేది చూడండి, ఆ దాలి. ఈ మాట నాది కాదు, మా ఆవిడది. మూత సందులోంచి సన్నగా వచ్చే పొగ చూసి, “ఇంతేనా, మా అమ్మమ్మ దాలికి మూత పెట్టారు” అంది.

ఇంకొకటి. ‘వేల ఏళ్లుగా జపనీయులు మాంసాన్ని ఇలాగే వండుకుంటున్నారు’ అని రాశారు. జపాన్ ఇళ్లలో కమాడో అన్నం పొయ్యి. మట్టితో కట్టిన గట్టు, పైన కన్నాలు, ఆ కన్నంలోకి చుట్టూ అంచున్న ఇనుప కుండ దిగుతుంది, దాని మీద బరువైన చెక్క మూత. అక్కడి పాత గాథల్లో నింతోకు అనే చక్రవర్తి ఎత్తయిన చోట నిలబడి చూస్తే ప్రజల పొయ్యిల్లోంచి పొగ లేవడం లేదట. వండుకోవడానికి ఏమీ లేదని గ్రహించి మూడేళ్లు పన్నులు మానేశాడట. వాళ్ల భాషలో కమాడో అంటే సంసారం అని కూడా అర్థం. ‘కమాడో పంచుకోవడం’ అంటే వేరు కాపురం పెట్టడం. మనమూ ‘పొయ్యిలు వేరయ్యాయి’ అంటాం కదా.

మాంసం సంగతికొస్తే, 675లో తెన్ము చక్రవర్తి ఏడాదిలో కొన్ని నెలలు ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి తినకూడదని ఆజ్ఞ వేశాడు. చేపలూ వేట జంతువులూ తిన్నా, పెంపుడు జంతువుల మాంసానికి చాలామంది దూరంగానే ఉన్నారు. 1872లో మెయిజీ చక్రవర్తి తానే గొడ్డుమాంసం తిన్నాడని తెలిశాక ఎక్కువమంది ధైర్యం చేశారు. ఈ గుండ్రటి రూపానికి మూలం ముషికమాడో, మూతా గాలి తలుపులూ ఉన్న మట్టి అన్నం పొయ్యి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడున్న అమెరికా సైనికులు దాన్ని ఇంటికి తెచ్చుకుని అందులో మాంసం పెట్టారు. 1974లో ఎడ్ ఫిషర్ అనే ఆయన ఇదే అట్లాంటాలో, పచింకో ఆట మిషన్లతో పాటు ఈ పొయ్యిలు కూడా అమ్ముతూ బిగ్ గ్రీన్ ఎగ్ అనే కంపెనీ మొదలుపెట్టాడు. అప్పటి మట్టివి పగిలిపోయేవి, తర్వాత సిరామిక్ వచ్చింది. అంటే పొయ్యి జపాన్‌ది, అందులో మాంసం పెట్టే అలవాటు అమెరికాది.

ఇక నా కథ. మొన్న ఒక శనివారం గొర్రె జబ్బ రెండున్నర కిలోలు తెచ్చారు. ముందురోజు రాత్రే మా ఆవిడ ఉప్పు, పసుపు, కారం, ధనియాల పొడి పట్టించింది. పొద్దున ఏడింటికి లోపల పెట్టి, బొగ్గుల మీద పొగ వాసన కోసం రెండు పెకాన్ చెట్టు చెక్కముక్కలు వేసి, నన్ను కాపలా ఉంచి అల్లుడు పిల్లల్ని స్విమ్మింగ్‌కి తీసుకెళ్లాడు. మాంసంలో గుచ్చిన థర్మామీటర్ 68 డిగ్రీల సెల్సియస్ దాకా చక్కగా ఎక్కింది. తర్వాత ఆగిపోయింది. గంట చూశాను, ఒక్క డిగ్రీ కదల్లేదు. అది మామూలేనట. మాంసం పైకి చెమ్మ వస్తుంది, అది ఆవిరవుతూ మనకి చెమట పట్టినట్టు చల్లబరుస్తుంది. ఓపిక పట్టాలంతే. ఆ తర్వాత 90 దాటేసరికి లోపలి గట్టి నరాలు కరిగి జిగురవుతాయి, ఎముక చేత్తో లాగితే వచ్చేస్తుంది.

నాకా సంగతి తెలియదు. నిప్పు చాలడం లేదనుకుని కింద తలుపు బార్లా తెరిచాను. డయల్ 320 ఫారెన్‌హీట్ చూపించింది, అంటే మన లెక్కలో 160 డిగ్రీలు. అప్పుడు టెన్షన్ పడి రెండు దారులూ బిగించేశాను. డయల్ దిగలేదు. డెబ్బై కిలోల మట్టి ఒకసారి వేడి తాగితే అంత తొందరగా వదలదని నాకన్నా ఎవరికి తెలియాలి! ముప్పై ఏళ్లు అదే పని చేసి, ఇంటి పెరట్లో మర్చిపోయాను. ఇరవై నిమిషాలయ్యాక, ఏమైందో చూద్దామని మూత ఒక్కసారిగా ఎత్తాను.

భగ్గుమంది. గాలి అందక ఊపిరి బిగబట్టి ఉన్న బొగ్గులకి ఒక్కసారి గాలి దొరికితే మంట మొహం మీదికే వస్తుంది. కుడి కనుబొమ్మ పోయింది, మోచేతి దాకా వెంట్రుకలు కాలాయి, కళ్లజోడు ఉండబట్టి కళ్లు బతికాయి. అల్లుడు వచ్చి ఒక్క మాట కూడా అనలేదు. “మామయ్యగారూ, ముందు కింద తలుపూ పై కన్నమూ తీయాలి. తర్వాత మూత రెండు వేళ్ల ఎత్తు ఎత్తి కాసేపు ఆగాలి. అప్పుడు పూర్తిగా తీయాలి” అని చేసి చూపించాడు. ఈ రెండు ముక్కలు మీ వ్యాసంలో లేవు. ‘రాజేసి వదిలేయండి, దాని పని అది చేసుకుంటుంది’ అని మాత్రం ఉంది.

జబ్బ సాయంత్రం నాలుగింటికి బయటికొచ్చింది. పైన కాస్త మాడినా లోపల బాగుంది. “పులుసు లేదు, అన్నంలోకి ఏం కలుపుకోవాలి?” అని మా ఆవిడ అడుగు పళ్లెంలో కారిన రసంలో మిరియాలు దంచి వేసి చారు కాచింది. నా ఓటు చారుకే.

బాల్కనీ మాటకొస్తాను. బొగ్గు గాలి చాలక కాలినప్పుడే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎక్కువ పుడుతుంది. ఈ పొయ్యి గొప్పతనమంతా గాలి చాలకుండా గంటల తరబడి కాల్చడంలోనే ఉంది. ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. ఫర్నేసుల దగ్గర మేము డిటెక్టర్ లేకుండా అడుగు వేసేవాళ్లం కాదు. మన ఊళ్లలో బాల్కనీ అంటే మూడువంతులు అద్దాలు బిగించి, వాషింగ్ మెషీన్ పెట్టి, బట్టలు ఆరేసి, మూల సిలిండర్ ఉంచిన గది. దానికి తలుపు తెరిస్తే పడకగది. పొగ కనబడటం లేదు కదా అని రాత్రంతా మాంసం పెట్టి పడుకుంటే లేవకపోవచ్చు. తెరిచి ఉన్న బాల్కనీ అయినా పక్కవాళ్ల కిటికీ పక్కనే ఉంటుంది. దీన్ని ఆరుబయట, గోడలకి దూరంగా, నేల మీద పెట్టాలి. మేడ మీద పెడదామనుకునేవారు ముందు అంత బరువుని లిఫ్ట్‌లో ఎలా ఎక్కిస్తారో ఆలోచించుకోవాలి.

సవరణ వేస్తే దయచేసి ఆ అనుబంధంలోనే, కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి. నేను చెప్పింది మా చెల్లెలు నమ్మలేదు. “పేపర్లో వేశారు కదా అన్నయ్యా” అంటోంది. బాల్కనీ కొలతలు కూడా తీసి పంపింది.

– రిఫ్రాక్టరీ విభాగం విశ్రాంత ఉద్యోగి,
గాజువాక, విశాఖపట్నం (ప్రస్తుతం ఆల్ఫారెట్టా, జార్జియా)