రివ్యూలో స్టార్లు సరే, సర్టిఫికెట్ ఏదండీ?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

నేను మద్దిలపాలెంలో ఇంటి దగ్గరే ట్యూషన్లు చెప్తాను, ఎనిమిది నుంచి పది వరకు. మొన్న లెక్కల నోట్సు దిద్దుతుంటే ఒకడి పుస్తకం చివరి పేజీలో ముసుగు మొహం, పక్కన కత్తి, దాన్నుంచి ఎర్ర పెన్నుతో కారుతున్న చుక్కలు, కింద వరసగా గీతలు. ఏట్రా ఇది అంటే "ఎంతమందిని లేపేశాడో లెక్క మేడమ్, ఫస్ట్ పార్టులో తొమ్మిది, ఇందులో పద్నాలుగు" అన్నాడు. లెక్కల్లో ఎప్పుడూ అంత కరెక్టుగా ఉండడు వెధవ.

వాడు ఎనిమిదో క్లాసండి. ముసుగు వేసుకున్నవాడు వరసపెట్టి జనాన్ని చంపే హారర్ సినిమా రెండో భాగం, ఇంటర్ చదివే అన్నయ్యతో మాల్‌కి వెళ్ళి చూశాడట, తెలుగు డబ్బింగు. అది ఎ సర్టిఫికెట్ సినిమా. టికెట్ యాప్‌లో పద్దెనిమిది నిండాయా అని అడిగితే ఓకే నొక్కేశారు, గేటు దగ్గర బ్యాగులో తినేవి ఉన్నాయా అని వెతికారు గానీ పిల్లాడి మొహం ఎవరూ చూడలేదు. ఎ అంటే అమ్మానాన్న పక్కనున్నా పద్దెనిమిది లోపు వాళ్ళని లోపలికి రానివ్వకూడదు, అమెరికాలో ఆర్ రేటింగ్‌కి పెద్దవాళ్ళు తోడుంటే చాలు, మన దగ్గర అలా కాదు.

చూడకుండా తిట్టడం ఎందుకని నేనూ మ్యాట్నీకి వెళ్ళాను, మా ఆయన ఒకటే నవ్వు. నిజం చెప్పాలంటే నెత్తురు నన్నంత కంగారు పెట్టలేదు, బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో చాక్లెట్ సిరప్ పోసి రక్తం అనేవాళ్ళని ఈ కాలం పిల్లలకీ తెలుసు. నన్ను పట్టుకున్న సీను ఒకటుంది. ఒక అమ్మాయి బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషిన్ వెనక దాక్కుని రెండు చేతులతో నోరు నొక్కుకుంటది, చెవిపోగు ఊడి నేల మీద టింగుమంటది, అక్కణ్ణుంచి మనకి కనిపించేదంతా ముసుగు కన్నాల్లోంచే, అంటే చంపేవాడి కళ్ళే మన కళ్ళు, ఆ పిల్ల వద్దొద్దని ఏడుస్తుంటే హాల్లో ఈలలు. భయపెట్టే సినిమా అనుకుని వెళ్తే అక్కడ ఎవరూ భయపడటం లేదండి, వాడి మీద పందెం కాస్తున్నారు. పైగా బాయ్‌ఫ్రెండ్‌తో తిరిగిన పిల్ల ముందు పోతుంది, బుద్ధిగా ఉన్నది చివరిదాకా మిగులుతుంది, 1970ల చివర్నుంచీ ఇదే లెక్క!

రెండో భాగం అంటే మొదటిదాని కన్నా ఎక్కువ చూపించాలి మరి. ఈ రకం సినిమాలకి దారి వేసిన 'హాలోవీన్' 1978లో వచ్చింది, అందులో నెత్తురు కనబడేది చాలా తక్కువ, భయమంతా చీకట్లోనూ మ్యూజిక్‌లోనూ ఉంటుంది. 1981లో రెండో భాగానికి వచ్చేసరికి రక్తం పెంచేశారు. అందుకే మొదటి పార్టు మా వాడు తట్టుకున్నాడు కదా, ఇదీ పర్లేదులే అనుకోకూడదు.

పదహారు పదిహేడేళ్ళ వాళ్ళు బయటికొచ్చి కెమెరా ఎక్కడ పెట్టాడో మాట్లాడుకుంటారేమో, రూల్ ఎలాగూ ఒప్పుకోదనుకోండి. పదమూడేళ్ళ వాడికి మాత్రం వద్దు, ఆ గీతలు గీసినవాడే రాత్రి లైటు తియ్యనివ్వట్లేదని వాళ్ళమ్మ చెప్పింది.

ఇంతకీ మిమ్మల్ని అడిగేది ఒకటే. మీ సినిమా పేజీలో రివ్యూకి స్టార్లు వేస్తారు, పాటలు ఫైట్లు ఎలా ఉన్నాయో రాస్తారు, సర్టిఫికెట్ ఏంటో మాత్రం రాయరు. 2023లో చట్టం మార్చి యూఏని, అంటే పెద్దవాళ్ళ సలహాతో పిల్లలు చూడొచ్చనే సర్టిఫికెట్‌ని, 7, 13, 16 ఏళ్ళని మూడు రకాలు చేశారు, ఆ నంబరు గేటు దగ్గర వాళ్ళ కోసం కాదు, తల్లిదండ్రులకి సూచన అంతే. ఆ సూచన మాకు చేరేదెక్కడండీ, యాడ్‌లో చూద్దామంటే భూతద్దం కావాలి. రివ్యూ కింద సర్టిఫికెట్ వేసి, పక్కన ఒక్క లైను రాయండి చాలు, కత్తిపోట్లు దగ్గరగా చూపించారు, ఆడపిల్లల్ని హింసించే సీన్లున్నాయి, బూతులున్నాయి, అలా. కథ చెప్పక్కర్లేదు.

వచ్చే శుక్రవారం ఇంకో హారర్ డబ్బింగు ఉందట, మా ట్యూషన్‌లో అప్పుడే ప్లాన్లు మొదలయ్యాయి. వీలైతే దాని రివ్యూతోనే మొదలెట్టండి.

ఇట్లు,
ఒక ట్యూషన్ టీచరు, మద్దిలపాలెం, విశాఖపట్నం