వార్షిక నివేదిక: అధ్యక్ష ఎన్నికకు ఏ పద్ధతి మేలు?

గౌరవ సభ్యులకు నమస్కారం. జమాఖర్చులు, ట్యాంకు శుభ్రత, వీధి దీపాల వివరాలు విడిగా జతచేశాం. ఈసారి కమిటీ ఎక్కువగా కూర్చున్నది మన సంఘం అధ్యక్ష ఎన్నిక పద్ధతి మీదే.

ముగ్గురు నిలబడితే చాలు, ఓట్లు చీలి సగం మంది వద్దన్నవారే గెలవొచ్చు. పోటీ పెరిగితే ఏమవుతుందో నల్లగొండ ఎరుగనిది కాదు. ఫ్లోరైడ్ గోస దేశానికి తెలియాలని 1996 లోక్‌సభ ఎన్నికలో జనం నామినేషన్లు వేస్తే 480 మంది బరిలో నిలిచారు, బ్యాలెట్ పుస్తకమంత అయింది.

నమూనాకు 90 ఓట్లు, మూడు గుర్తులు అనుకుందాం. 38 మంది వరుస గొడుగు, లాంతరు, కత్తెర. 34 మందిది కత్తెర, లాంతరు, గొడుగు. 18 మందిది లాంతరు, కత్తెర, గొడుగు.

ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే ఇప్పటి పద్ధతిలో 38 ఓట్లతో గొడుగు గెలుస్తుంది. మిగతా 52 మందికి అదే ఆఖరి గుర్తు. గుర్తులకు ఇష్టం కొద్దీ 1, 2, 3 అని అంకెలు వేసే ప్రాధాన్య ఓట్లలో కోటా, అంటే గెలవడానికి కావాల్సిన ఓట్లు, సగానికి ఒకటి ఎక్కువ, అంటే 46. ఎవరికీ రాలేదు కాబట్టి అందరికంటే తక్కువ వచ్చిన లాంతరును ఎలిమినేట్ చేసి (పోటీ నుంచి తప్పించి), ఆ 18 కాగితాలను రెండో ప్రాధాన్యం ప్రకారం కత్తెర కట్టలో కలపాలి. 52తో కత్తెర గెలుపు. అవే కాగితాలను జోడీలుగా, అంటే ఇద్దరిద్దరిలో ఎవరిని ఎక్కువమంది ముందు పెట్టారో లెక్కిస్తే లాంతరు గొడుగును 52-38తో, కత్తెరను 56-34తో ఓడిస్తుంది. ఇలా అందరినీ ఓడించినవారే గెలిచినట్టు. ఈ కొలతను 1785లో ఫ్రాన్స్‌లో గణితవేత్త కొండార్సే వివరించాడు.

అందరికీ సమ్మతమైన మనిషి మొదటి రౌండులోనే వెళ్లిపోవడం ఎలిమినేషన్‌లోని పెద్ద లోపం. అందుకే జోడీ లెక్కనే సిఫారసు చేస్తున్నాం. నచ్చినవారందరికీ టిక్కు పెట్టే పద్ధతి సులువే కానీ, ఎవరికి వారు ఒక్క టిక్కే పెడితే మళ్లీ పాత కథే.

కాగితం మీద ఇలా అంకెలు రాయడం పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు వేసినవారికి కొత్త కాదు. 2021లో నల్లగొండ-ఖమ్మం-వరంగల్ స్థానంలో 71 మంది పోటీపడితే లెక్కింపు రోజుల తరబడి సాగింది. మనకు అంత శ్రమ ఉండదు: నలుగురికి 6 జోడీలు, ఐదుగురికి 10. ఒక్కో జోడీకి ఒక పట్టిక, ఒకరు చదవాలి, ఇద్దరు విడివిడిగా గీతలు గీయాలి. పొంతన కుదరకపోతే ఆ కట్ట మళ్లీ లెక్కించాలి.

1 అంకె లేకపోయినా, ఇద్దరికి 1 వేసినా, అంకెకు బదులు టిక్కు పెట్టినా ఓటు చెల్లదు. అంకె వేయని గుర్తులు వేసినవాటికి దిగువన ఉన్నట్టే. ఒక్కోసారి గొడుగు లాంతరును, లాంతరు కత్తెరను, కత్తెర గొడుగును ఓడించి చక్రం తిరుగుతుంది. అప్పుడు మాత్రం ఎలిమినేషన్‌కు వెళ్లాలి. ఈ మాట నామినేషన్లకు ముందే నియమావళిలో ఉండాలి. సవరణ ముసాయిదాను సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడుతున్నాం.