పచ్చడి జాడీని పక్క సీట్లో కూర్చోబెట్టుకున్న బాబాయ్‌కి

పూణే వచ్చి ఇవాళ్టికి నాలుగో రోజు. మోషీలో మూడో అంతస్తు, హాలు నిండా 27 అట్టపెట్టెలు, వాటి మధ్య పరుపు వేసుకుని ఫోన్లో ఇది టైప్ చేస్తున్నాను. పాప నిద్రపోయింది, మా ఆయన కూర్చున్నచోటే గోడకి ఆనుకుని నిద్రపోయారు. నాకే నిద్ర పట్టడం లేదు. ఒళ్లంతా పచ్చి పుండులా ఉంది. అయినా విజయవాడలో మమ్మల్ని ఆదుకున్న ట్రాలీ ఆటో బాబాయ్‌కి ఈ థాంక్స్ ఇవాళే రాసెయ్యాలి. రేపు పెట్టెలు విప్పడం మొదలుపెడితే రాయడం పడదు.

మా ఆయనకి చాకన్‌లో ఉద్యోగం ఏప్రిల్‌లో వచ్చింది. ముందు తను వచ్చి పీజీ హాస్టల్లో ఉన్నారు, నేనూ పాపా స్కూలు సెలవులయ్యేదాకా విజయవాడలోనే. ఆ రెండు నెలలూ మా కాపురమంతా ఫోన్లోనే జరిగింది, అదీ సామాన్ల గురించే. రాత్రి తొమ్మిదిన్నరకి వీడియో కాల్‌లో ఒక్కో గదీ చూపించేదాన్ని, ఇది ఉంచాలా తీసెయ్యాలా అని. ఆయనైతే అన్నీ తీసెయ్యమంటారు, తన ఇంజనీరింగ్ పుస్తకాలు తప్ప. ఒక్కొక్కటీ ఇటుకంత ఉంటుంది, పదిహేనేళ్లుగా ఎవరూ తెరిచింది లేదు. నేను రుబ్బురోలు తెచ్చుకుంటానంటే మాత్రం పూణేలో మిక్సీలు దొరకవా అని నవ్వారు. దానిమీద మూడు రోజులు మాటల్లేవు. చివరికి రోలు మా అమ్మ గుడివాడ పట్టుకెళ్లింది, పుస్తకాలు కిలో 12 రూపాయలకి పాత పేపర్లవాడు పట్టుకెళ్లాడు, ఇద్దరం సమానమయ్యాం.

డబ్బాలు ఖాళీ చెయ్యాలని నెల రోజులు ఇంట్లో ఉన్నవాటితోనే వంట. చూస్తే పెసలు మూడు కిలోలు తేలాయి. ఇక పెసరట్లు, పెసర పునుకులు, మళ్లీ పెసరట్లు. ఒకరోజు పాప 'అమ్మా, పూణేలో పెసలు దొరకవు కదా?' అని ఎంతో ఆశగా అడిగింది. సోఫా మేలోనే అమ్మేశాం, అప్పట్నుంచి నేలమీదే తిండి. బీరువా అమ్మకానికి పెడితే ఫోన్ చేసిన ప్రతివాడూ 'లాస్ట్ ఎంత?' అనేవాడే కానీ వచ్చి చూసినవాడు లేడు. ఆషాఢం వచ్చేలోపే కొత్తింట్లో పాలు పొంగించాలని అత్తయ్య పట్టుబట్టారు, కాబట్టి తేదీ జరిపే వీలు లేదు. ఇంటివాళ్లు కూడా మేం ఖాళీ చేసిన మర్నాడు పొద్దున ఆరు గంటల ముహూర్తానికి కొత్తగా అద్దెకి వచ్చేవాళ్లకి ఇల్లు ఇచ్చేశారు.

ఇక ఆ రోజు సంగతి. ప్యాకర్స్ వాళ్లతో 34,000కి మాట్లాడుకున్నాం, 8,000 అడ్వాన్సు కట్టాం. కంపెనీ పేరు రాయను. వీడియోలో సామానంతా చూసుకుని వాళ్లు చెప్పిన రేటే అది. పొద్దున పదింటికి వస్తామన్నవాళ్లు సాయంత్రం నాలుగింటికి వచ్చారు, అదీ చిన్న వ్యాన్‌తో. సామానంతా కిందికి దించి, సగం ఎక్కించి, అప్పుడు మొదలుపెట్టారు, చెప్పినదానికన్నా ఎక్కువుంది, ఇంకో 14,000 ఇస్తేనే బండి కదులుతుందని. మా ఆయన గట్టిగా అడిగేసరికి, ఎక్కించిన సగం కూడా మళ్లీ దించి రోడ్డుమీద పెట్టేసి వెళ్లిపోయారు. సాయంత్రం ఏడైంది. ఇంటి తాళాలు అప్పటికే ఇచ్చేశాం. మబ్బు పట్టింది. సందులో సగం మా మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్. వచ్చేపోయేవాళ్లు ఏమైందని అడగడం, అయ్యో అనడం, వెళ్లిపోవడం.

అప్పుడొచ్చింది ఆ ట్రాలీ ఆటో. ఫ్రిజ్ అడ్డంగా ఉండటంతో బండి పట్టలేదు, హారన్ మీద హారన్. నేను కదల్లేదు. కదిలే ఓపిక కూడా లేదు. డ్రైవర్ దిగి తిట్టడానికే వచ్చాడు, అది నడకలోనే తెలుస్తోంది. యాభై అయిదు పైనే ఉంటాయి, ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు. వచ్చి నన్ను చూశాడు, మంచమ్మీద పడుకున్న పాపని చూశాడు, 'ఏంటమ్మా, రోడ్డుమీద కాపురం పెట్టారా?' అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మా ఆయన జరిగింది చెప్పారు. బాబాయ్ అంతా విని, రాత్రిపూట లారీ దొరకదు, పొద్దున్నే ఆటోనగర్‌లో చూద్దాం, పూణే వైపు ఖాళీగా తిరిగెళ్లే లారీలుంటాయి, ముందు వాన సంగతి చూడాలి అంటూనే బండిలోంచి పెద్ద బరకం తీశాడు, నీలంరంగు టార్పాలిన్, కొత్తదే. అడక్కుండానే పరుపులు మధ్యలోకి, ఇనప సామాను పక్కలకి సర్ది కప్పేశాడు. 'మీరెక్కడన్నా పడుకోండి, నేను కాపలా ఉంటా, నాకు బండిలో పడుకోవడం అలవాటే' అన్నాడు.

నిజం చెప్తాను, నాకు అనుమానం వచ్చింది. ఒక మోసం అప్పుడే అయింది కదా. మా ఆయనతో ఇంగ్లీషులో అన్నాను, ఈయనెవరో తెలీదు, సామానంతా ఎలా వదిలేస్తాం అని. బాబాయ్‌కి ఇంగ్లీషు రాకపోవచ్చు, నా మొహం చదవడానికి ఇంగ్లీషు అక్కర్లేదుగా. ఏమీ అనలేదు. సీటు కింద నుంచి ప్లాస్టిక్ కవర్ తీసి, అందులో ఉన్న ఆటో ఆర్సీ నా చేతిలో పెట్టి, 'పొద్దున ఇద్దువుగాని' అన్నాడు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆ ఆర్సీ తిరిగిచ్చెయ్యలేదు. చేత్తో పట్టుకునే పైకి వెళ్లాను. అది కూడా రాసెయ్యాలి కాబట్టి రాస్తున్నాను.

రెండో అంతస్తువాళ్ల హాల్లో పడుకున్నాం. రాత్రి రెండింటికి వాన కుండపోత. బాల్కనీలోంచి చూస్తే బాబాయ్ పడుకోలేదు. తువ్వాలు తలకి చుట్టుకుని బరకం నాలుగు మూలలా ఇటుకలు పెడుతున్నాడు, గాలికి ఒక మూల లేస్తుంటే దానిమీదే కూర్చున్నాడు. మా ఆయన పరిగెత్తి వెళ్తే తిట్టి పైకి పంపించేశాడట, 'జ్వరం తెచ్చుకుని కొత్త ఉద్యోగంలో చేరతావా' అని.

తెల్లవారాక టీ తాగి, మా ఆయన్ని ఆటోనగర్ తీసుకెళ్లి, తెలిసిన ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో మాట్లాడించాడు. షోలాపూర్ నుంచి ఉల్లిపాయలు తెచ్చి దించేసి తిరిగి వెళ్తున్న లారీ ఒకటి ఉంది. మోషీ దాకా 13,500. ప్యాకర్స్ చెప్పిన 34,000కి సగం కూడా కాదు. 'మన బందరు రోడ్డు పట్టుకుని నేరుగా పోతే పూణేనే అమ్మా, మధ్యలో తిరుగుళ్లు కూడా లేవు' అన్నాడు. నాకు ఇన్నేళ్లుగా తెలీదు. నిజమే, 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నంలో బయల్దేరి మా ఊరు, హైదరాబాదు, షోలాపూర్ మీదుగా పూణేకే వస్తుంది. ఈ మాట విన్నాక ఈ ఊరు నాకు కొంచెం దగ్గరైనట్టనిపించింది.

సామాను తన ట్రాలీలోనే రెండు ట్రిప్పులు ఆటోనగర్‌కి తోలాడు. రెండో ట్రిప్పులో చివరిగా మిగిలింది ఆవకాయ జాడీ. మేలో అమ్మ పెట్టింది, రాబోయే ఏడాదికంతా అదే. ప్యాకర్స్ వాళ్లు దాన్ని అట్టపెట్టెలో పక్కకి పడుకోబెట్టి టేప్ వేశారు, నూనె కారి పెట్టెంతా ఎర్రగా అయిపోయింది. బాబాయ్ పెట్టె చింపి జాడీ నిలబెట్టి, మూత తీసి వాసన చూసి 'ఈ ఏడాదిదేనా? మంచి నూనె పోశారు, పడుకోబెడతారా దీన్ని ఎవరైనా' అని, రాత్రి తలకి చుట్టుకున్న తువ్వాలు బకెట్లో జాడించి పిండి, నూనె తుడిచి, దాన్నే మూతికి వాసెన కట్టి, తన పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. ఆటోనగర్ దాకా ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో జాడీ.

రాత్రంతా రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది. రోడ్డుమీద, మా ఆయన స్కూటీ వెనక కూర్చుని, ముందు వెళ్తున్న ఆ ట్రాలీని చూస్తూ వెక్కివెక్కి ఏడ్చాను. ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఏడవలేదు, అమ్మ దగ్గర ఏడవలేదు. ఆ జాడీకే ఎందుకొచ్చిందో నాకు తెలీదు.

డబ్బులు 1,200 తీసుకున్నాడు, రెండు ట్రిప్పులకి. రాత్రి కాపలాకి అంటూ మా ఆయన ఇంకో రెండు వేలు ఇవ్వబోతే 'పడుకున్నందుకు డబ్బులేంటి' అన్నాడు. పడుకోలేదు బాబాయ్ నువ్వు, నేను చూశాను. ఫోటో తీసుకుంటానంటే వద్దన్నాడు, పేరు ఎక్కడా రాయొద్దన్నాడు. సరే, రాయడం లేదు.

మా అమ్మానాన్నలు, అత్తయ్యా మామయ్యా, రాత్రి పదింటికి కంకిపాడు నుంచి వచ్చి పాపని తీసుకెళ్లిన చెల్లి, మరిది, అందరికీ థాంక్స్. మీకు వేరే చెప్పాలా.

ప్యాకర్స్ వాళ్లు 8,000 అడ్వాన్సు తిరిగివ్వలేదు. పోలీసుల దగ్గరికి వెళ్తే ఇది సివిల్ మ్యాటర్, వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇచ్చారు, చూడాలి. అసలు ఇల్లు మారడమంటే ఇంత శిక్ష ఎందుకో. గ్యాస్ కనెక్షన్ మార్చుకోవాలంటే పదకొండేళ్ల కిందటి కాగితం అడిగారు, లేదంటే అఫిడవిట్ రాయించాను, అది పట్టుకెళ్తే సర్వర్ డౌన్. స్కూటీ సంగతి ఇంకా ఘోరం. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటితే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, దానికి మన రవాణా ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), అంటే ఫారం 28. మా లోన్ తీరి నాలుగేళ్లయినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది (తప్పు మాదీ ఉంది, ఒప్పుకుంటాను), ముందు అది తీయించాలి. ఆ తర్వాత ఇక్కడ మళ్లీ ట్యాక్స్ కట్టి, అక్కడ కట్టినదాంట్లో మిగిలిన ఏళ్లది వెనక్కి ఇమ్మని మనమే అర్జీ పెట్టుకోవాలి. రాష్ట్రం మారినా మళ్లీ రిజిస్ట్రేషన్ అక్కర్లేని బీహెచ్ సిరీస్ నంబర్లు 2021లో తెచ్చారుగా అంటారేమో, ప్రైవేటువాళ్లకైతే నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీలో పనిచేస్తేనే అది. మా ఆయన కంపెనీకి ఉన్నవి రెండే. మనుషులు ఎక్కడికైనా వెళ్లి బతకొచ్చు, స్కూటీకే వీసా కావాలి. స్కూటీ ఇంకా చెల్లి వాళ్లింట్లోనే ఉంది.

అయ్యో, మర్చిపోయినవాళ్లున్నారు. రాత్రి చోటిచ్చి, పొద్దున ఇడ్లీ కూడా పెట్టిన రెండో అంతస్తు అక్కకి. ఆ వానలో దారంతా ఒక్క వస్తువు తడవకుండా తెచ్చి, మూడంతస్తులూ మోయడానికి తనూ ఒక చెయ్యి వేసిన లారీ డ్రైవర్ భయ్యాకి (పరుపులు ఇంకా ఉల్లిపాయల వాసనే, అది వేరే సంగతి). పాప టీసీ కోసం సెలవుల్లో కూడా ఆఫీసు తెరిచి ఇచ్చిన స్కూలు క్లర్క్‌గారికి. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో, కాళ్ల మధ్య జాడీ పెట్టుకుని నేను కూర్చోలేక అవస్థపడుతుంటే కింది బెర్తు ఇచ్చిన బరంపురం అబ్బాయికి. ఇక్కడ మా సామాను రాకముందే పాలు పొంగించడానికి గిన్నె ఇచ్చిన పక్కింటి మరాఠీ ఆవిడకి. ఇస్త్రీ తాతకి కూడా, ఏం చేశాడో రాస్తే పెద్దదవుతుంది.

ఇంకొకటి, అసలిదే అడగాలి. లారీ పట్టా చిరిగి ఉందని బాబాయ్ తన బరకం మా సామాను మీద కట్టి పంపించేశాడు. అది ఇక్కడే ఉండిపోయింది, ఉతికి ఆరేశాను. తువ్వాలు కూడా ఇక్కడే ఉంది, మూడుసార్లు సబ్బు పెట్టినా నూనె మరక వదల్లేదు. ఫోన్ చేస్తే 'ఉంచుకోమ్మా, ఈసారి వచ్చినప్పుడు చూద్దాం' అంటున్నాడు, కానీ అక్కడ వానలు మొదలయ్యాయి, ఆయన బండికి పైకప్పు లేదు. పూణే నుంచి ఈ వారంలో ఎవరైనా విజయవాడ వెళ్తుంటే చెప్పండి. మడత పెడితే చిన్న సంచిలో పడుతుంది, బరువు నాలుగు కిలోలకి మించదు. ఆటోనగర్ గేటు దగ్గర ఇస్తే చాలు, ఆయనే వచ్చి తీసుకుంటాడు. దాంతో పాటు ఒక చిన్న సీసా ఆవకాయ కూడా పంపిస్తాను, అది మాత్రం నిలబెట్టి తీసుకెళ్లాలి.